పాచి నాలుక

తలనొప్పి నాది. దాని గురించి తీర్పులు చెప్పే హక్కు మాత్రం ఇంట్లో అందరికీ ఉంది. తుర్కపల్లి ల్యాబ్ నుంచి క్యాబ్‌లో వచ్చి తూంకుంటలో మా గేటు తీసేసరికి కణతలు పగిలిపోతుండేవి. ఫోన్ చూడటం తగ్గించమంటారు మావారు. కోపం తగ్గించుకోమంటారు అత్తగారు. నొప్పి ఎక్కడ అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

అడిగింది సుచిత్ర చౌరస్తాలో చైనా సూదుల వైద్యం చేసే ఆవిడ. నుదుటనా, మెడ వెనకా, పక్కలకా అని వేలితో నొక్కి మరీ అడిగింది. ఆ వైద్యంలో ఒక్కో చోటి నొప్పికి ఒక్కో మూలమట. నాడి చూసి, నాలుక చాపమంది. చాపాను. శుభ్రంగా మెరుస్తోంది.

"పొద్దుగాల బద్దతోని గీకినవా? మీద పూత జూస్తేనే గదా లోపలి సంగతి తెలిసేది. మల్లొచ్చేటప్పుడు గీకకుండ రా" అంది.

మా ఇంట్లోనా! మళ్ళీ ఆవిడ దగ్గరికి వెళ్ళాల్సిన శనివారం పళ్ళు తోముకుని నాలుక వదిలేశాను. అంతే, గీకిన చప్పుడు వినపడకపోయేసరికి, పాచినోటితో పొయ్యి ముట్టుకుంటావా అంటూ అత్తగారు వంటింటి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కణతలు పట్టుకుని వండిన రోజుల్లో ఎవరూ అలా అడ్డం రాలేదే! నా తలనొప్పికి ఏనాడూ దొరకని సెలవు నా పాచి నాలుకకు దొరికింది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. దాంతో కాఫీ, ఉప్మా, వంట అన్నీ మావారి మెడకు చుట్టుకున్నాయి.

మధ్యాహ్నం సుచిత్రలో ఆవిడ నా నాలుక అంచులు ఎర్రగా ఉన్నాయంది. పక్కల నొప్పి, ఈ ఎరుపు కలిస్తే తమ వైద్యంలో కాలేయంలో వేడి అంటారట, కోపానికీ దానికీ సంబంధమట. నాతో వచ్చిన మావారు వెంటనే అందుకుని, తాను మొదటి నుంచీ చెబుతున్నది అదేనన్నారు.

"కోపం జేస్తే కాదు సార్, మింగితే" అంది ఆవిడ, సూదులు సర్దుకుంటూ.

గుచ్చిన సూదులు తీశాక కణతలు కాస్త తేలికపడ్డాయి. ఇంటికి రాగానే మావారు సోఫాలో వాలిపోయి, తల పగిలిపోతోందన్నారు. అత్తగారు మోకాళ్ళ సంగతే మరిచిపోయి బామ్ సీసాతో పరిగెత్తుకొచ్చారు.

"పొద్దున్నంతా వంటింట్లోనే ఉన్నాడు, తలనొప్పి రాదూ పాపం!"

ఈసారి నేను మింగలేదు.

"వస్తుందని మీకు తెలుసన్నమాట, అత్తయ్యగారూ" అన్నాను.