బండి నేల మీదే ఉంది

మా అత్తగారు శౌరమ్మకు శకునాలంటే ఒళ్లు మంట. పిల్లి ఎదురొచ్చిందని ఎవరైనా ఆగితే, "దానికి మాత్రం పనుండదా, దాని దారిన అది పోతోంది" అంటుంది. మా మినీ లారీ కొన్న కొత్తలో డ్రైవరు వెంకటప్పయ్య బాబాయి బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. మా అత్త వాటిని విప్పదీసి, కడిగి, నిమ్మకాయ చారులో పిండి, మిరపకాయలు పప్పులో వేసి, ఆ అన్నం ఆయనకే పెట్టింది. తిన్నాక, శకునం రుచిగా ఉందా అన్నయ్యగారూ అని అడిగింది కూడా. ఆయన మళ్లీ నిమ్మకాయ జోలికి పోలేదు.

కంకిపాడు దాటాక కాలవ గట్టు మీద ఉంటుంది మా ఊరు. మా అత్త చిన్న వయసులో ఉండగానే భర్త పోయాడు. నాట్లు వేసి, కలుపులు తీసి, తర్వాత బళ్లో మధ్యాహ్న భోజనం వండి, ఒక్క కొడుకును పెంచింది. ఆ కొడుకే మా ఆయన నతానియేలు. సైన్యంలో హవల్దారు. అక్కడా ఆయన పని బండ్లు తోలడమే. పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చాక బతుకుతెరువుగా ఉంటుందని దాచుకున్న డబ్బుతో ఈ మినీ లారీ కొన్నాడు. వెంకటప్పయ్య బాబాయి దాన్ని తోలేవాడు. అరటి గెలలు, కంద, కూరగాయలు మా చుట్టుపక్కల పొలాల నుంచి బెజవాడ మార్కెట్టుకు చేరేసేది మా బండే.

ఇక మా అత్తకు ఆ బండి మీదున్న ప్రేమ చెప్పనలవి కాదు. ప్రతి ఆదివారం చర్చిలో పూజకు వెళ్లేముందు దానికి నీళ్లు పోయాల్సిందే. అద్దం ముందు గుణదల మేరీమాత పటం ఆవిడే అంటించింది. దాన్ని పెద్దకోడలు అనేది. పెద్దకోడలు సంపాదించి పెడుతోంది, చిన్నకోడలు కూర్చుని తింటోంది అని నన్ను ఎత్తిపొడిచేది. నేనేం తక్కువ తినలేదు. పెద్దకోడలు చేత కాళ్లు పట్టించుకోండి అనేదాన్ని.

ఇలా ఉండగా ఆ వేసవిలో మా ఆయన సెలవు మీద వచ్చి, ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో ఏడాది పాటు దక్షిణ సూడాన్ వెళ్లాలని చెప్పాడు. అది సగం ఎండ, సగం బురద ఉన్న దేశమట. అక్కడి జనం ఒకరినొకరు చంపుకోకుండా వీళ్లు మధ్యలో నిలబడాలట. మా అత్త విని, "సరే, వెళ్లిరా" అంది. అంతే. భయం నాకే పట్టుకుంది. చాలదన్నట్టు అదే నెలలో వెంకటప్పయ్య బాబాయి మోకాలు పట్టేసింది. క్లచ్ తొక్కలేనమ్మా, నన్నొదిలేయండి అన్నాడు. దాంతో ఇంట్లో ఒకటే చర్చ. ఏడాది పాటు ఈ బండిని ఏం చేయాలి?

అమ్మేద్దామన్నాడు మా ఆయన. అమ్మితే వచ్చాక నువ్వేం తోలతావురా, నా తలకాయా అంది ఆవిడ. పోనీ ఎవరికైనా అద్దెకిద్దామంటే, తాగి తోలేవాళ్ల చేతుల్లో పెడతావా అంది. మంగళగిరిలో మా అన్నయ్య జాన్ పాల్ ఇంటి పక్కన ఖాళీ షెడ్డు ఉంది, అక్కడ పెడదామని నేనన్నాను. అంతే, మీ పుట్టింటికి దోచిపెట్టుకో అని నా మీద పడింది. కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి. నాకు తిక్క రేగి, ఆ పూట గిన్నెలన్నీ ఊరంతా వినేట్టు తోమాను.

చివరికి మా ఆయన ఆటోనగర్ నుంచి అబ్దుల్ రవూఫ్ గారిని పిలిపించాడు. మా బండి కొన్న దగ్గర్నుంచి దాని రోగాలన్నీ చూసే మెకానిక్కు ఆయనే. నెమ్మదైన మనిషి. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, దీన్ని ఎక్కడికీ పంపక్కర్లేదు, మీ వాకిట్లోనే ఉంచుకోండన్నాడు. నాలుగు గట్టి రాళ్లు పెట్టి వాటి మీదికెక్కిస్తే టైర్ల మీద బరువు పడదు. బ్యాటరీ విప్పేద్దాం, ఎలకలు దూరకుండా సైలెన్సరుకు గుడ్డ కుక్కుదాం, ఆర్టీఓ ఆఫీసులో బండి ఆపేసినట్టు రాసిస్తే ట్యాక్సు కూడా ఉండదు, ఏడాది తర్వాత దింపుకుంటే కొత్త బండిలా ఉంటుందని చెప్పాడు. మా ఆయన మొహం విప్పారింది. నాకూ బాగానే ఉందనిపించింది. ఈవిడ దీనికేం వంక పెడుతుందా అని చూశాను. ఏ వంకా పెట్టలేదు. లేచి లోపలికి వెళ్లి పడుకుంది. హమ్మయ్య, ఒప్పుకుందనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని.

ఆ శనివారం పొద్దున్నే రవూఫ్ గారు జాకీలు పట్టుకుని వచ్చాడు. రాళ్ల కోసం మా ఆయన పెరడంతా వెతికాడు. కుళాయి దగ్గర నేను బట్టలుతికే రాయి కనిపించింది. దాని జతవి మరో మూడు గోడవారగా మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి. నాలుగూ ఒకే ఎత్తు, నల్లగా, పలకల్లా ఉన్నాయి. ఇంతకంటే ఏం కావాలని ఇద్దరూ కలిసి వాటిని పెకలించి వాకిట్లోకి దొర్లించారు.

మా అత్త వంటింటి గుమ్మంలోంచి చూసింది. చీర చెంగు బొడ్లో దోపుకుని, గబగబా వచ్చి, బండి తలుపు తీసుకుని లోపలికెక్కి కూర్చుంది. చేతిలో జపమాల. దిగమ్మా అంటే దిగదు. ఉప్మా చల్లారిపోతోంది రండి అంటే పలకదు. ఆవిడ లోపలుండగా బండిని ఎత్తలేరు కదా. రవూఫ్ గారు జాకీ కింద పెట్టేశాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. నాకు సిగ్గేసింది, కోపమొచ్చింది. ఏమిటండీ ఈ పంతం, మీ కొడుకు ప్రశాంతంగా వెళ్లొద్దా అని గట్టిగానే అన్నాను.

అప్పుడు ఆవిడ నా వైపు కాదు, కొడుకు వైపు చూసింది.

"ఆ రాళ్లు ఎక్కడివో నీకు తెలీదురా. మీ నాన్న మస్కట్ వెళ్లేటప్పుడు మన పాత లారీని ఎక్కించింది ఆ నాలుగు రాళ్ల మీదే. రెండేళ్లలో వస్తాను, వచ్చి నేనే దింపుతానన్నాడు. నువ్వప్పుడు చంకలో పిల్లాడివి. ఆయన పెట్టెలో వచ్చాడు. లారీ దిగనేలేదు. పాత ఇనుము వాళ్లు వచ్చి, రాళ్ల మీదున్నదాన్ని ఉన్నట్టే కోసుకుపోయారు."

తండ్రి మస్కట్‌లో పోయాడనీ, లారీ అమ్మేశారనీ మాత్రమే మా ఆయనకు తెలుసు. నా సంగతి చెప్పక్కర్లేదు. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ ఆ రాతి మీదే కదా నేను బట్టలు బాదుతున్నది. అత్త పక్కనే నిలబడి, గట్టిగా బాదవే అనేది, ఒక్కనాడూ ఈ మాట అనలేదు.

"శకునాలు లేవని ఊరందరికీ చెప్పినదాన్ని. ఉన్నాయని ఇప్పుడూ అనను. కానీ నువ్వు ఊళ్లో లేనప్పుడు నా వాకిట్లో బండి రాళ్ల మీద కనబడితే నేను బతకలేనురా నాయనా" అంది.

మా ఆయన ఫుట్‌బోర్డు మీద కూర్చుని తల్లి మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. రవూఫ్ గారు జాకీలు సంచిలో సర్దుకున్నాడు. "తిరిగే బండికే ఆరోగ్యం పెద్దమ్మా. రాళ్లెందుకులే" అన్నాడు, నిన్నటి దాకా రాళ్లు పెట్టమన్న మనిషే. నాకు మాత్రం కోపం తగ్గలేదు. ఎవరి మీదో కూడా తెలియదు. ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే నేను అన్ని మాటలు అనేదాన్నా? ఆ ఉక్రోషంలోనే నోరు జారాను.

"అయితే నేనే తోలతాను."

మా ఆయన తలెత్తి, కళ్లు తుడుచుకుంటూనే నవ్వేశాడు. స్కూటీని కాలవలో దింపినదానివి లారీ తోలతావా అన్నాడు. దింపింది నేను కాదు, ఎదురొచ్చిన గేదె అన్నాను. మా అత్త నవ్వలేదు. బండి దిగి, తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

మిగిలిన సెలవంతా నాకు సైన్యం శిక్షణే. క్లచ్, గేరు, క్లచ్, గేరు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు నేను గేరు మీద చూపిస్తుంటే, అది ఇనుమే కానీ దానికీ నొప్పేస్తుంది అనేవాడు మా ఆయన. ఆయన వెళ్లే రోజు గన్నవరం విమానాశ్రయానికి ఎల్ బోర్డు పెట్టుకుని నేనే తోలాను, పక్కన ఆయన, మధ్యలో అత్త. దారి పొడుగునా వెనకవాళ్లు హారన్లు కొడుతూనే ఉన్నారు. దిగాక ఆయన సంచి భుజాన వేసుకుని, వంగి ఒక్కో టైరునూ అరచేత్తో తట్టాడు. "చూసుకోమ్మా, నాలుగూ నేల మీదే ఉన్నాయి" అన్నాడు. ఆవిడ తలూపింది.

తర్వాత నాకు లైసెన్సు వచ్చింది. వెంకటప్పయ్య బాబాయి కొన్నాళ్లు పక్కన కూర్చుని, ఇక నాతో పనిలేదమ్మా అని మానేశాడు. ఆయన సీట్లోకి మా అత్త వచ్చి చేరింది. ఎదురొచ్చే ప్రతి ఆటోవాణ్నీ నా తరఫున ఆవిడే తిట్టేది. ఆదివారం పూజయ్యాక సూడాన్ నుంచి ఫోను వచ్చేది. మా ఆయన మొదట అడిగేది "బండి ఎలా ఉంది?" అని. ఆవిడ చెప్పేది "నేల మీదే ఉంది" అని. తల్లీకొడుకుల మాటలు అంతటితో సరి, ఫోను నాకిచ్చేసేది. పెళ్లాం ఎలా ఉందని ఎవరూ అడగరా అని దెప్పేదాన్ని.

వానాకాలంలో ఒక ఆదివారం ఫోను రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. అక్కడేదో గొడవ జరిగిందని టీవీలో కింద అక్షరాల్లో పోయింది. మా అత్త టీవీ కట్టేసింది. ఏడిస్తే గెలలు మార్కెట్టుకు నడిచిపోవు కదా, సోమవారం తెల్లారగానే లోడు వేసుకుని బయల్దేరాం. కాలవ గట్టు మీద, చుట్టుపక్కల పురుగన్నది లేనిచోట, ముందు టైరు పంచరైంది.

స్టెప్నీ దింపాను. జాకీ పెట్టాను. కడ్డీ పట్టుకున్నాను గానీ తిప్పడానికి చేతులు రాలేదు. తిప్పితే చక్రం నేల మీదనుంచి లేస్తుంది. నేను ఇన్నాళ్లూ ఆవిడ బాధ నాకర్థమైందనుకున్నాను. అర్థం కావడం వేరు, అది నా చేతుల్లోకి రావడం వేరు. అక్కడే కూలబడ్డాను.

మా అత్త బండి దిగింది. గట్టు పక్కన వెతికి ఒక రాయి తెచ్చి, బండి జారకుండా వెనక చక్రానికి అడ్డం పెట్టింది. వచ్చి నా పక్కన వంగి నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"లేపవే. పంచరైన బండి లేపకపోతే ఎలా నడుస్తుంది, పిచ్చిమొహమా" అంది.

లేపాను. ఆవిడ చూపు మరల్చలేదు. టైరు మార్చి, బోల్టులు బిగించి, జాకీ దించుతుంటే, ఆ రబ్బరు మట్టికి ఆనేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. ఆనింది. ఆవిడ అడ్డురాయి తీసి కాలవలో పారేసి, ఎక్కి కూర్చుంది.

మార్కెట్టులో గెలలు దింపుతుండగా ఆవిడ చేతిలో ఫోను మోగింది. ఆదివారం కాదు, అయినా ఆయనే. వాళ్లున్నచోట టవరు పడిపోయిందట. అటునుంచి మాట నాకూ వినబడుతోంది. బండి ఎలా ఉందమ్మా అన్నాడు. ఆవిడ పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఫోను నా చేతిలో పెట్టేసింది.

"నేల మీదే ఉందండీ" అన్నాను. ఆ తర్వాత నాకూ మాట రాలేదు. ఆ చక్రం పక్కనే అరటాకుల మీద కూర్చుని, హమాలీలందరూ చూస్తుండగా ఏడ్చాను.

మా అత్త ఫోను మళ్లీ లాక్కుంది.

"దానికి గొంతు పట్టేసిందిలేరా. నువ్వు తిన్నావా?" అంది.