కొమురెల్లి తాత ప్రార్థనలో నా పేరు

మంచిర్యాలలో మా గుడికి వచ్చేవాళ్లు పాస్టరు అయ్యగారి ప్రసంగానికి భయపడేవాళ్లు కాదు, నరకానికీ అంతగా భయపడేవాళ్లు కాదు. వాళ్లు భయపడేదంతా కొమురెల్లి తాత ప్రార్థనకు. ఆయన కళ్లు మూసుకుని "ప్రభువా" అన్నాడంటే ఇక ఊళ్లో ఎవరి సంసారమూ గుట్టుగా ఉండదు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఎవరి గోడ కూలిందో, ఎవరి అల్లుడు అలిగిపోయాడో, పేరుతో సహా, ఇంటి ఆనవాలుతో సహా దేవుడికి గొంతెత్తి విన్నవించేవాడు.

ఇన్ని సంగతులు ఆయనకెలా తెలిసేవంటే, ఆయన పని నులక మంచాలు అల్లడం. మంచం అల్లాలంటే ఆ ఇంటి వాకిట్లో ఒక పూటంతా కూర్చోవాలి. కాసేపటికి ఇంట్లోవాళ్లు ఆయనున్న సంగతే మరిచిపోయి మాట్లాడుకునేవాళ్లు. వారమంతా విన్నది ఆదివారానికి గుడికి చేరేది.

"ప్రభువా, మన సత్తమ్మ ఇంట్ల బియ్యం శుక్రారం పొద్దుగాల్నే ఒడిసినయి. పిల్లలు ముగ్గురు. పెద్దోడు జర ఎక్కువ తింటడు. గా పిల్ల నోరు తెరిచి అడగది, నీకెరుకే."

సత్తమ్మ కొంగు ముఖం మీదికి లాక్కునేది.

"ప్రభువా, హనుమండ్లు గొడుగు రైల్ల మర్చిపోయిండు. నల్లది. పిడి ఇరిగింది. కాజీపేట దిక్కు పోయే రైలు, ఇంజన్ సంది మూడో డబ్బ."

దేవుడు వెతకడానికి వెళ్తే ఇబ్బంది పడకూడదని ఆనవాళ్లన్నీ చెప్పేవాడు.

గుడికి రానివాళ్లను కూడా వదిలేవాడు కాదు. స్టేషన్ దగ్గర హోటలు నడిపే చాంద్‌పాషా భార్య నసీమా కాన్పు మా గుడిలో తొమ్మిది నెలలు సాగింది. పిల్ల పుట్టిందని తెలిసిన ఆదివారం, మాలో ఎవరికి బిడ్డ పుట్టినా అంత సంబరపడలేదు.

ఒకసారి అయ్యగారు ఆయన్ను పక్కకు పిలిచారు. అయ్యగారిది గుంటూరు వైపు.

"కొమురెల్లీ, దేవుడికి అన్నీ తెలుసు కదా. కాస్త క్లుప్తంగా చేస్తే బాగుంటుందేమో."

"తెలుసు అయ్యగారూ. గానీ ఆయనకు ఊర్లెక్కువ. జర యాదికి చేస్తున్న."

ఆ తర్వాతి ఆదివారం అయ్యగారి నడుం నొప్పి కూడా ప్రార్థనలోకి ఎక్కింది.

మా మిత్రుడు లక్ష్మీరాజం దగ్గర చేతిగడియారం ఉండేది. తాత "ప్రభువా" అనగానే టైము చూసేవాడు. నలభై ఒక్క నిమిషాలు అప్పటికి రికార్డు. ఒకసారి ప్రార్థన మొదలైనప్పుడు బల్లార్షా వైపు వెళ్లిన ప్యాసింజరు, ఆమెన్ అనే వేళకు తిరిగొచ్చి మళ్లీ కూత వేసిందని లక్ష్మీరాజం ఒట్టేసి చెప్పేవాడు. అతని ఒట్లకు పెద్ద విలువ లేదుగానీ, ఆ మాటను కాదన్నవాళ్లు కూడా లేరు.

నవ్వేవాళ్లలో అందరికంటే గట్టిగా నవ్వింది నేను. నా పేరు జీవరత్నం. అప్పుడు పందొమ్మిదేళ్లు. మెట్రిక్ పాసై, టీచర్ ట్రైనింగ్ కోసం ఎదురు చూస్తూ, మా యువజన సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. అరవై రెండో సంవత్సరం సంగతి. ప్రతి శుక్రవారం సంఘం కుర్రాళ్లందరిచేత ఉపవాసం పట్టించేవాణ్ణి. నా ప్రార్థన పొట్టిగా, గ్రాంథికంగా, ఎవరి పేరూ లేకుండా శుభ్రంగా ఉండేది. నిజమైన భక్తి అంటే అదేనని నా నమ్మకం. కరీంనగర్‌లో జరగబోయే యువజన సభలో ఆ విషయం మీదే మాట్లాడమని నన్ను పిలిచారు కూడా.

సభకు ముందు మా సంఘం ఒక తీర్మానం చేసింది. ఒక్కొక్క సభ్యుడు ఒక్కొక్క దిక్కులేని ఇంటికి వెళ్లి వాక్యం చదివి రావాలి. చీటీలు వేస్తే నాకు నస్పూరు దేవవ్వ వచ్చింది.

దేవవ్వకు పెద్దరోగం వచ్చి తగ్గింది. నాలుగేళ్లు దవాఖానలో ఉండి, రోగం పోయిందని కాయితం పట్టుకుని ఊరికి వచ్చింది. రోగం పోయిందిగానీ, వేళ్లు సగం సగమే మిగిలాయి. ఆ కాయితాన్ని ఊళ్లో ఎవరూ చదవలేదు. గుడికి వస్తే లోపలికి రాకుండా గడప బయటే కూర్చునేది. తాత మాత్రం ప్రతివారం ఆమె పేరు ఎత్తేవాడు.

గురువారం పగటిపూట వెళ్లాను. కాసేపు వాక్యం చదివాను. ఆమె కళ్లు ఆర్పకుండా విన్నది. చదవడం అయ్యాక లోపలికి వెళ్లి జొన్నరొట్టెలు, పప్పు తెచ్చి నా ముందు పెట్టింది.

"మోదుగాకు ఇస్తరి బిడ్డా. పొద్దుగాల కొత్తగ కుట్టించిన. నా గిన్నె గాదు, తిను" అన్నది.

విస్తరి కొత్తదే. కానీ రొట్టెలు తట్టింది ఆ చేతులే.

"ఇయ్యాల ఉపాసం, అవ్వా" అన్నాను.

"గురువారం గద బిడ్డా? మీది శుక్రారం అన్నడు తాత."

"ఇది వేరే ఉపాసం."

ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగింది. ఆ వెలుగు ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకునేదాకా ఆగలేదు కూడా. లేచి వచ్చేశాను.

మంచిర్యాల చేరేసరికి ఆకలి దంచేస్తోంది. చాంద్‌పాషా హోటల్లోకి దూరి నాలుగు మిర్చి బజ్జీలు చెప్పాను. రెండోది నోట్లో ఉండగా ఎవరో వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. తలెత్తితే కొమురెల్లి తాత. భుజం మీద నులక చుట్ట. నస్పూరులో మంచం అల్లి వస్తున్నాడు. నోట్లోది మింగలేను, ఉమ్మలేను. ఆయన నన్ను చూశాడు, ప్లేటు చూశాడు.

"దేవవ్వ చెప్పింది బిడ్డా, నువ్వు ఉపాసమని."

నోట్లో బజ్జీ అలాగే ఉంది. మాట్లాడే వీలు లేదు.

"ఉల్లిగడ్డ మీద నిమ్మకాయ పిండుకో. బాగుంటది" అని, చాంద్‌పాషాను పసిపిల్ల జ్వరం సంగతి అడిగి వెళ్లిపోయాడు.

శుక్ర, శనివారాలు నేను పడ్డ యాతన చెప్పలేను. తాత మాటలు నా చెవుల్లో ముందే వినబడుతున్నాయి. "ప్రభువా, మన జీవరత్నం దేవవ్వ ఇంట్ల ఉపాసమన్నడు. చాంద్‌పాషా హోటల్ల తిన్నడు. నాలుగు బజ్జీలు. ఉల్లిగడ్డతోని." ఆయన లెక్క తప్పేవాడు కాదు.

ఆదివారం వచ్చింది. తాత లేచాడు. సత్తమ్మ అయిపోయింది, హనుమండ్లు అయిపోయాడు, నసీమా పిల్ల జ్వరం అయిపోయింది.

"ప్రభువా, మన రత్నం..."

లక్ష్మీరాజం గడియారం చూడటం మానేసి నన్ను చూశాడు.

"...గీ పిల్లగానికి జర ఆకలి ఎక్కువ చెయ్యి. ఆమెన్."

ఇరవై రెండు నిమిషాలకే ఆమెన్ చెప్పడం ఆయన చరిత్రలో అదే మొదటిసారి. బతికాననుకున్నాను. అది తొందరపాటు. మా అమ్మ గుడి మెట్ల మీదే తాతను ఆపింది.

"నా కొడుకుకు నేను తిండి పెడ్తలేనని చెప్తున్నవా మామా, దేవునికి?"

"నువ్వు పెడ్తున్నవు బిడ్డా. ఇంకా జర ఆకలి కావాలె."

ఆ రోజునుంచి మా ఇంట్లో నాకు మూడు పూటలు ఐదయ్యాయి. అంతటితో ఆగలేదు. తాత ప్రార్థనలో పేరు వచ్చిందంటే, దేవవ్వది తప్ప, సోమవారానికల్లా ఎవరో ఒకరు కదలడం మా గుడి అలవాటు. సత్తమ్మకు బియ్యం అలాగే చేరేవి. ఇప్పుడు నా పేరు వచ్చింది. ఒకరు సర్వపిండి పంపారు, ఒకరు సకినాలు పంపారు. సత్తమ్మ, తన ఇంట్లోనే అంతంతమాత్రంగా ఉండగా, డబ్బాలో అటుకులు తెచ్చి "మొహమాటపడకు తమ్మీ, ఆకలికి సిగ్గేంది" అని నా చేతిలో పెట్టింది. ఆ అటుకులు నేను తినలేకపోయాను, తిరిగి ఇవ్వలేకపోయాను.

తర్వాతి వారం కరీంనగర్ వెళ్లి ఉపన్యాసం ఇచ్చాను. శరీరాన్ని జయించడమే భక్తికి మొదటి మెట్టు అన్నాను. ఆకలిని తృణీకరించాలి అన్నాను. చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక ఒక కుర్రాడు దగ్గరికి వచ్చి, "అన్నా, నువ్వు వారంల ఎన్ని దినాలు ఉపాసముంటవు?" అని అడిగాడు. నా సంచిలో సకినాలు ఉన్నాయి. ఏదో గొణిగి బస్సెక్కాను.

ఆ ఆదివారమూ "ఆకలి ఎక్కువ చెయ్యి." ఆ పై ఆదివారమూ అదే. ఇక తట్టుకోలేక, గుడి అయ్యాక తాత ఇంటికి వెళ్లాను. ఆయన వాకిట్లో నులక తడుపుతున్నాడు.

"తాతా, చెప్తే చెప్పు. అందరి ముంగట నా సంగతంతా చెప్పెయ్. గిట్ల వారం వారం సంపకు."

"ఏం సంగతి?"

"బజ్జీల సంగతి."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "సత్తమ్మ సంగతి చెప్తే బియ్యమొస్తయి. హనుమండ్లు సంగతి చెప్తే ఎవడో ఒకడు గొడుగిస్తడు. దేవునికి ఎరుకే రత్నం, గా గుడిల కూసున్నోళ్లకే ఎరుక ఉండది. నీ సంగతి చెప్తే ఏమొస్తది?"

అప్పుడు నేను వెనక్కి తిరిగి ఆలోచించాను. ఇన్నేళ్లు ఊరందరి వాకిళ్లలో కూర్చున్న మనిషి. ఎవరు తాగి కొట్టారో, ఎవరు ఎవరిది దాచుకున్నారో ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఒక్కనాడూ ఒక్కరి తప్పు ఆ ప్రార్థనలో రాలేదు. నలభై ఒక్క నిమిషాలూ లేమి గురించే. మేం గడియారం చూసుకున్నాంగానీ, ఆ సంగతి చూడలేదు.

"మరి ఆకలి ఎందుకడుగుతున్నవు?"

ఆయన మళ్లీ నులక చేతిలోకి తీసుకున్నాడు.

"నీకు చెప్పొద్దనుకున్న. దేవవ్వ ఇంటికి దవాఖాన నుంచి వచ్చినంక నేను దప్ప ఎవ్వరు పోయి కూసోలే. నువ్వు పోయినవు. 'నా ఇంట్ల కూసోని పిల్లగాడు ఉపాసం పట్టిండు, నేనెట్ల తింట' అని గాదినం రొట్టెలు పక్కింటి ఆవుకేసింది. గప్పటిసంది గురువారం గురువారం పస్తుంటున్నది, నీ పేరు మీద. ట్రైనింగ్‌ల సీటు రావాలెనంట నీకు."

"నువ్వు నిజం చెప్పలేదా ఆమెకు?"

"ఎట్ల చెప్తరా? గంత సంతోషంగ ఉన్నది. నీకే ఆకలైతే నువ్వే ఆమె ఇంటికి పోతవనుకున్న."

సోమ, మంగళ, బుధవారాలు ధైర్యం కోసం వెతుకుతూ గడిపాను. దొరకలేదు. గురువారం అది లేకుండానే నస్పూరు వెళ్లాను. దేవవ్వ గడపలో కూర్చుని ఉంది. ముఖం వాడి ఉంది.

"అవ్వా, ఆకలైతుంది" అన్నాను.

"ఉపాసం గద బిడ్డా?"

"లేదవ్వా. గాదినం గూడ లేకుండె. నీ చేతి రొట్టె తినబుద్ధి గాక అబద్ధం చెప్పిన. తిరిగిపోయి హోటల్ల తిన్న."

ఆమె తన చేతులను కొంగు కింద దాచుకుంది. భూమి చీలితే బాగుండునని అంటారే, అది ఎందుకు అంటారో నాకు ఆ గడప ముందు తెలిసింది. నేను తల వంచుకుని నిలబడ్డాను.

"అయితె," అన్నది చివరికి, "మూడు గురువారాలు నేను ఉత్త పుణ్యానికి పస్తున్ననా?"

"తప్పయింది అవ్వా."

"కూసో" అన్నది. గొంతులో కోపం ఉంది. "మూడు గురువారాలవి తిన్నదాక లేస్తే చూడు."

పొయ్యి రాజేసింది. నేను ఆకు వద్దని ఆమె గిన్నె నేనే తెచ్చుకుని కూర్చున్నాను. మొదటి రొట్టెను ఆమె కొంగుతో పట్టుకుని వేసింది. మొదటి ముక్కను నేను చూడకుండా మింగాను. రెండో రొట్టెకు ఆమె కొంగు వదిలేసింది, నేను చూసే తిన్నాను. ఐదో రొట్టె దగ్గర ఆమె కూడా ఇంకో గిన్నె తెచ్చుకుని ఎదురుగా కూర్చుని, పప్పులో ఉప్పు తక్కువైందని తనను తానే తిట్టుకుంది. ఏడో రొట్టె తింటుండగా కొమురెల్లి తాత వచ్చాడు. మమ్మల్ని చూసి ఏమీ అనకుండా గోడకానుకుని కూర్చున్నాడు.

దేవవ్వ కుండలో చెయ్యి పెట్టి చూసింది. "తాతా, పిండి ఒడిసింది" అన్నది చిన్నబుచ్చుకుని.

నేను లేచి చెయ్యి కడుక్కుని పక్కింటికి వెళ్లాను. ఆ ఇల్లు గంగుబాయిది. ఆమె మగడు బొగ్గు బాయిలో పని చేస్తాడు. చాటలో జొన్నలు చెరుగుతోంది. నాకు అడగడం అలవాటు లేదు. ఇంతవరకు ఎవరి కోసమూ ఏదీ అడిగింది లేదు.

"అక్కా, దేవవ్వ ఇంట్ల పిండి ఒడిసింది. ఆమె అడగది. మానెడు పిండి ఉంటే ఇస్తవా?"

గంగుబాయి చాట ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరు తింటున్నరు ఆడ?"

"ముగ్గురం. తాత, దేవవ్వ, నేను."

"ఆమె చేస్తే నువ్వు తింటున్నవా?"

"ఆరు తిన్న అక్కా. ఏడోది నడుస్తుంది."

ఆమె లోపలికి వెళ్లింది. పిండి కొలుస్తున్న చప్పుడు వినిపించింది. ఒక మానెడు, మళ్లీ ఇంకో మానెడు. గిన్నె నా చేతికివ్వకుండా నడుముకు ఎత్తుకుని, కాళ్లకు చెప్పులు తొడుక్కుంది.

"నా ఇంటి పక్కనే గింత రుచి పెట్టుకోని నన్ను పిలువదా?" అంటూ నాకంటే ముందు నడిచింది.