రంగులో పడిన కళ్ళు

కీలుంగ్‌లో వాన పడని రోజు ఏదని అడిగితే నేను తడుముకోవాలి. అలాంటి ఊళ్ళో కార్లకు రంగు వేసి మెప్పించడమంటే మాటలు కాదు. మా షెడ్డులో సొట్టలు తీసేది నేను, రంగు వేసేది చిన్-తియెన్. అతను రంగేసిన తలుపులో ముఖం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. అతని భార్య బీ-యున్ రంగులు కలిపేది. కిందటి చలికాలంలో పోయింది.

అప్పటినుంచీ అతని రంగులో కళ్ళు పడసాగాయి. తడి రంగు ఉన్నట్టుండి గుండ్రంగా పక్కకు తప్పుకుంటుంది, నడుమ అడుగు పూత చుక్కలా బయటపడుతుంది. చేపకళ్ళు అంటాం. రేకుకు కాస్త జిడ్డు అంటితే ఒకటీ అరా ఎవరికైనా పడతాయి. ఇవి గుంపులుగా పడి, ఎటు నిలబడినా మనల్నే చూసేవి. నాకైతే ఒళ్ళు జలదరించేది, దాచుకోవడమెందుకు.

పోయినవాళ్ళు ఇళ్ళకు తిరిగొచ్చే దయ్యాల నెల వచ్చింది. ఎదురుగా నూడుల్స్ అమ్మే సాయ్ పెద్దమ్మ మా ఇద్దరికీ గిన్నెలు తెచ్చిపెట్టి అడిగేసింది.

"ఒరే తియెన్, బీ-యున్ బట్టలన్నీ కాల్చి దానికి పంపించావా, లేదా?"

"పంపించాను పెద్దమ్మా."

"అన్నీ?"

అతను నూడుల్స్ కెలుకుతూ కూర్చున్నాడు. "తలకు కట్టుకునే రుమాలు ఒక్కటి ఉంచుకున్నా."

"అదీ సంగతి. అక్కడ దాని తల తడుస్తోంది. నిన్ను చూడక ఇంకెవర్ని చూస్తుంది? పదిహేనో రోజున పోయినవాళ్ళకు కాల్చే కాగితపు నోట్లతో పాటు అదీ మంటలో వెయ్యి."

"దయ్యాలకు జలుబు చేస్తుందా పెద్దమ్మా?" అన్నాను నేను.

"నువ్వు పోయాక నీకే తెలుస్తుంది. నోర్మూసుకుని తిను."

చిన్-తియెన్ నవ్వలేదు. పనివాడు కదా, కారణం వెతకడం మొదలుపెట్టాడు. ఒకసారికి ఒక్కటే మార్చేవాడు. రెండు మారిస్తే తప్పు దేనిదో తేలదంటాడు. కంప్రెసర్ గాలిని తెల్లకాగితం మీదికి వదిలి నూనె మరక పడుతుందేమో చూశాడు. పడలేదు. థిన్నర్ మార్చాడు. రేకును జిడ్డు వదిలే మందులో ముంచిన గుడ్డతో తడిపి, ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో తుడిచాడు. పక్క షెడ్డువాళ్ళు టైర్లకు కొట్టే మెరుపు మందు జిడ్డు ఇటు ఎగిరొస్తోందేమోనని అడిగొచ్చాడు. కళ్ళు పోలేదు. అతను దిగులుపడాలి గదా, ఒక్కొక్కటీ తప్పు కాదని తేలేకొద్దీ అతని ముఖం తేటపడేది. తప్పేదీ దొరక్కపోతే, చూస్తున్నది ఆమే.

ఒక ఉదయం రంగు గది అద్దంలోంచి చూస్తున్నాను. రేకు తుడవడం అయ్యాక అతను టోపీ కిందికి చెయ్యి పోనిచ్చి ఆ రుమాలు తడుముకున్నాడు. అదే చేత్తో రేకును నిమిరి దుమ్ముందేమో చూశాడు. బీ-యున్ తలకు టీగింజల నూనె దండిగా పట్టించేది. రుమాలు నిండా అదే వాసన.

"అది తీసి, చేతులు కడుక్కుని, ఒక్క తలుపుకు రంగు వెయ్యి," అన్నాను.

అలాగే చేశాడు. రంగు నున్నగా పరుచుకుంది. ఒక్క కన్ను లేదు.

"బతికాం రా తమ్ముడూ, ఉత్త నూనె," అని భుజం చరిచాను.

అతను వంగి ఆ తలుపంతా ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికాడు. "అయితే తను రాలేదన్నమాట," అన్నాడు.

అనవసరంగా నోరు జారానే అనిపించింది.

పదిహేనో రోజున అతను రుమాలు కాల్చలేదు. పని వేళ దాన్ని తీసి పక్కన పెట్టేవాడు, కార్లు శుభ్రంగా వెళ్తున్నాయి. కానీ రోజూ మధ్యాహ్నం మేము కునుకు తీసే వేళకు రంగు గదిలో గాలి చప్పుడు వినిపించేది. రంగు తగలేస్తున్నాడని తిట్టడానికి వెళ్ళాను. రుమాలు కట్టుకుని ఒక పాత బానెట్‌కు రంగు వేస్తున్నాడు. కళ్ళు విచ్చుకుంటున్నాయి. "వాన తగ్గలేదు," అంటున్నాడు వాటితో. "పెద్దమ్మ నూడుల్స్‌లో ఉప్పు ఎక్కువేస్తోంది." చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చాను.

మర్నాడు గీకి మళ్ళీ వేసేవాడు. తడిమి తడిమి రుమాల్లో నూనె అయిపోతోంది. కళ్ళు పల్చబడుతూ వచ్చాయి.

ఓ రోజు తనే పిలిచాడు. "అన్నా, ఇలా రా."

బానెట్ నడుమ పక్కపక్కనే రెండే కళ్ళు ఉన్నాయి. నేను గుమ్మం దాకా వెనక్కి జరిగాను. నూనె సంగతి కనిపెట్టినవాణ్ణి నేనే, అయినా జరిగాను.

అతను రుమాలు విప్పి మడిచాడు. "ఇంక దీన్ని కట్టుకోను," అన్నాడు. "ఈసారి ఏమీ పడకపోతే తట్టుకోలేను."