అక్కయమ్మ పెట్టిన పరీక్ష

"జ్వరముంటే గుడ్లు కాల్చేయాలంటావేమిరా? జ్వరం లేకుండా పురుగు యాడన్నా పెరుగుతుందా?"

"నీకెట్ల చెప్పేది మామా? తల్లి దగ్గర్నుంచే వీటికి జ్వరం వచ్చిండాది. మైక్రోస్కోపులో చూసినా."

"రానీ. మంచిదే కదా."

గోడకు ఇవతల పట్టుపురుగులకు ఆకు తరుగుతున్న అక్కయమ్మ కత్తి పక్కన పెట్టి నవ్వింది. పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగు మార్లు మేత మాని, తలెత్తి కదలకుండా కూర్చుని, పాత తోలు విడుస్తుంది. జంగమకోటెలో దాన్నే జ్వరమంటారు. నాలుగో జ్వరం దాటితే ఇంట్లో పండగే. అలాంటి ఊళ్లోకి సెలవులకు వచ్చి, రోగమనాల్సిన చోట జ్వరమన్నాడు రామచంద్రప్ప. అతను బెంగళూరులో సైన్సు చదువుతున్నాడు. సొంతూరు మండికల్లు, ఆవులూ ఎద్దులూ తప్ప పురుగుల సంగతి తెలియని ఇల్లు. మేనమామ పిళ్ళప్పకు సుళువుగా అర్థమవుతుందని ఏరి పెట్టుకున్న మాట అది.

"సరే, జ్వరం కాదు. పెబ్రిన్."

"పిబ్రవరి పొయ్యి మూడు నెల్లాయె కదరా."

నవ్వుతూనే అక్కయమ్మ తన ఇంట్లోని గుడ్ల వైపు చూసింది. పిళ్ళప్ప ఇంటితో కలిపి వీధిలో ఏడిళ్లు ఆ గుడ్లనే పంచుకున్నాయి. ఆమె ఇంట్లోనూ ఒక బట్ట నిండా ఉన్నాయి. ఎల్లుండికి పగులుతాయి. వాటిలో నిజంగా ఏదైనా ఉంటే ఏడిళ్ల పంటా తట్టల్లోనే పోతుంది.

ఆమె తొమ్మిదో యేట కోడలిగా వచ్చి అత్త చేతిలోని తట్ట అందుకున్న మనిషి. అక్షరం రాదు. ఆకును చెంపకు ఆనించి తేమ ఎంతుందో చెప్పేస్తుంది. పొగాకు నమిలినవాడు ఊరి పటేలైనా సరే, పురుగులింటి గడప దాటనివ్వదు. ఏ సంగతైనా ఎదుటివాళ్లకు అర్థమయ్యేదాకా వదలదు. అర్థం కాకపోతే తిట్టి మళ్లీ చెబుతుంది.

గోడ చుట్టి వచ్చి, అరుగు మీద కాలేజీ నుంచి తెచ్చిన మైక్రోస్కోపు ముందు తల పట్టుకున్న కుర్రవాడి పక్కన కూర్చుంది.

"నువ్వు చదివింది వద్దప్పా. కంటికేం కనపడిందో చెప్పు."

"చిన్నవి అత్తా. ఓవల్ షేపు..."

"తెలుగులో."

"కోడిగుడ్డు మాదిరి. మెరుస్తాంటాయి."

ఆమె తొంగి చూసింది. గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకను నలిపి గాజుపలక మీద పెట్టాడతను. చాలాసేపు చూసి, "నువ్వులు. కడిగిన నువ్వులు," అంది. "ఇవి తల్లి ఒంట్లో ఉంటే బిడ్డకేమైతాది?"

"పుట్టుకతోనే అంటుకుంటాది. ఒకే తట్టలో కొన్ని పెరుగుతాయి, కొన్ని పెరగవు. ఒంటిమీద నల్లచుక్కలు..."

"మిరియాలపొడి చల్లినట్ల?"

రామచంద్రప్ప తెల్లబోయాడు. పెబ్రిన్ అనే పేరు మిరియాల నుంచే వచ్చిందని అతని పుస్తకంలోనూ ఉంది.

"పోయినేడు నా తట్టల్లో సగం అట్లనే పోయినాయి. దిష్టి అన్నారు. పురుగులకు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచినా నేను," అని అక్కయమ్మ పడీపడీ నవ్వింది. "మిరియాల రోగమని ఒక్క మాట చెప్పుంటే మీ మామ ఈపాటికి పొయ్యి రాజేసుండు కదప్పా."

పాపం, చెప్పడం ఎవరు నేర్పారు అతనికి? కాలేజీలో పరీక్షంటే మేష్టరుకు తెలిసిన సంగతిని మేష్టరుకే రాసిచ్చి మార్కులు తెచ్చుకోవడం. తెలియని మనిషి ముందు నిలబెట్టి, ఇప్పుడు చెప్పు అన్న పాపాన ఎవరూ పోలేదు.

పిళ్ళప్ప కూడా ఒక కన్ను మూసి చూశాడు. "దీనికి మీసాలుండాయే."

"అవి నీ కంటి వెంట్రుకలు మామా."

"పోయినేడు మిరియాలు గుర్తుందా అన్నా?" అంది అక్కయమ్మ. "అది తల్లి దగ్గర్నుంచి గుడ్డులోకి వస్తాదంట. నా గుడ్ల బట్ట నేను కాల్చేస్తాండా."

పిళ్ళప్ప ముఖంలో నవ్వు పోయింది. "వాడు జ్వరమన్నాడు కదమ్మా, నేనేం చేసేది?" అంటూ గుడ్ల బట్ట తెచ్చి తనే పొయ్యిలో వేశాడు.

మిగతా అయిదిళ్లకూ అక్కయమ్మే రామచంద్రప్పను వెంటబెట్టుకుని పోయింది. మొదటి ఇంట్లో ఓవల్ అనబోతే మోచేతి మీద గిల్లింది. మూడో ఇంటికి అతని నోట నువ్వులు వాటంతట అవే వచ్చాయి. అయిదో ఇంట్లో మునిశామప్ప పెళ్లాం కెంపమ్మ ఎదురు ప్రశ్నలు వేస్తే, అతను నేల మీద పుల్లతో తల్లినీ గుడ్డునూ గీసి చూపించాడు. ఆమె లోపలికి పోయి గుడ్లు తెచ్చిచ్చింది. గిల్లే పని లేక అక్కయమ్మ వక్క నమిలింది.

పక్క ఊళ్లో రోగం లేని తల్లులను అతనే ఏరి, కొత్త గుడ్లు తెచ్చాడు. ఆ పంటకు ఏడిళ్లలోనూ చంద్రికలనే వెదురు చాపల నిండా పురుగులు పసుప్పచ్చటి గూళ్లు కట్టాయి. పిళ్ళప్ప ఊరంతా తిరిగి మేనల్లుడు చూపించిన మీసాల పురుగు కథ చెప్పి నవ్వించాడు.

రామచంద్రప్ప బెంగళూరుకు పోయే రోజు అక్కయమ్మ బస్సు దాకా వచ్చింది.

"మళ్లా పంట నాలుగో జ్వరానికి కూర్చునేటప్పుడు జాబు రాయిస్తా. ఆ దినం ఆకేసే పనుండదు, తీరిగ్గా ఉంటా," అంది. "నీతో సైన్సు చదివేటోళ్లందర్నీ పిల్చుకొని రాప్పా. ఒగొగని చేతా నాకు అర్థమయ్యేదాకా చెప్పించుకోవాల."