డిగ్రీ తోట

జనవరి చివర్లో ఒక పొద్దున తలుపు తీయగానే కాఫీ పూల వాసన ముక్కుకు తగిలింది. మల్లెలకు దగ్గరగా ఉండే ఆ వాసన నాకు ఇష్టం. ఆ రోజు మాత్రం అది రావలసిన వాసన కాదు. మా అరకు కొండల్లో కాఫీ పూసేది వేసవి జల్లు పడ్డాక, మార్చిలోనో ఏప్రిల్‌లోనో. పది రోజుల కిందట కాలం కాని కాలంలో పడిన వానకు మొగ్గలు తొందరపడ్డాయి. తోటలోకి వెళ్తే, ఇంకా కోయని ఎర్రటి పళ్లూ తెల్లటి పూలూ ఒకే కొమ్మ మీద ఉన్నాయి. నా ఏడేళ్ల కూతురు రెండూ కలిపి దండ గుచ్చమంది.

నా కళ్లు పక్క తోట మీదికి పోయాయి. అది మా పెద్ద తోడికోడలిది. అక్కడొకటి ఇక్కడొకటి తప్ప పూలు లేవు, మొగ్గలన్నీ ముడుచుకునే ఉన్నాయి. పంట ఏమవుతుందోనన్న భయం కన్నా ముందు నాకు కుళ్లు పుట్టింది. ఆమెవి ఎందుకు ఆగాయి?

ఎందుకో నాకు తెలుసు. ఆమె తోటంతా పనస, మద్ది, నేరేడు నీడ. కింద అడుగు వేస్తే ఆకులు మెత్తగా దిగుతాయి. ఆ నేల ఎండకు అంతగా ఆరదు కాబట్టి ఒక్క వానకే మొగ్గలు తొందరపడవు. నా తోటలోనూ అలాంటి చెట్లే ఉండేవి. కాపురానికి వచ్చిన మూడో ఏడు నేనే నరికించాను. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివినదాన్ని. ఎండ తగిలితే కాపు పెరుగుతుందని నోట్సు తెరిచి మరీ మా ఆయన్ని ఒప్పించాను. మొదటి రెండేళ్లు కొమ్మలు వంగేలా కాసింది. ఊళ్లో ‘డిగ్రీ తోట’ అని గౌరవంగా అనేవారు. ఎండకు చెట్లు నీరసించి కాపు తగ్గాక కూడా పేరు అదే, కాకపోతే నవ్వుతూ అంటున్నారు.

తర్వాత రెండు నెలలు చినుకు లేదు. నా పూలు గోధుమరంగుకు తిరిగి కొమ్మలకే అంటుకుపోయాయి. ఉగాదికే ఊరి గెడ్డలో వాగునీళ్లు సన్నబడ్డాయి. ఏప్రిల్‌లో జల్లు పడ్డాక ఆమె తోట తెల్లగా పూసింది. మన చెట్లకు కాయలేవమ్మా అని పిల్లలు అడిగితే, వాన పాడు చేసిందని చెప్పాను.

అక్కడితో నా మంట ఆగలేదు. నా కూతురికి నేను రాగిపిండితో కాచే చోడి అంబలి కన్నా పెద్దమ్మ పోసే అంబలే రుచి. అటు వెళ్లొద్దని కట్టడి చేశాను. మా ఆయన ఆమె తోటను మెచ్చుకుంటే ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువయ్యేది.

మొన్న సాయంత్రం ఆమె లేదనుకుని ఆ తోటలోకి దూరాను. కొమ్మ వంచి చూస్తే కణుపు కణుపుకీ పిందెలు. వెనకనుంచి గొంతు వినిపించింది.

“ఏటే గుంటా, ఏటి ఎతుకుతన్నావు?”

“మేక ఇటొచ్చిందేమోనని, అక్కా.”

“మీ మేక మా గుమ్మంలోనే పడుకునుంది. పిందెలు సూడ్డానికొచ్చినావని సెప్పొచ్చు కదా. సూడు, దిష్టి తగిలితే నాను తీయించుకుంటాన్లే.”

నాకు మొహం చెల్లలేదు. ఆమె పనస చెట్టు కింద మొలిచిన మొక్కల్ని కాలి వేలితో చూపించింది.

“తొలకరికి ఇయ్యి పీకి నాటుకో. బేగి నాటకపోతే నీ కాఫీ మొక్కలు ఇంకో ఎండకి ఉండవు.”

“ఆలోచిస్తానక్కా.”

“దీనికీ పుస్తకం సూడాలేటి?”

ఆమె గుమ్మంలో పడుకున్న మేకను లేపి ఇంటికి తోలుకొచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మొక్కలు తెస్తే ఊరంతా ఆమే గెలిచిందంటారు. తేకపోతే మిగిలిన తోటా పోతుంది. పనస మొక్క నీడనిచ్చేటంత ఎదగడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్క వేసుకున్నాను. అప్పటికి నా కూతురు కాలేజీకి వస్తుంది. నా కుళ్లుతో ఒక్క తొలకరి పోగొట్టినా ఆ ఏడాది పోయేది నా పిల్లలదే.

పొద్దున పిల్లలిద్దరినీ లేపి చెప్పాను.

“మొహాలు కడుక్కోండి, పెద్దమ్మ తోటకెళ్దాం. పనస మొక్కలు ఇమ్మని నేనే అడుగుతాను. వాన పాడు చేసిందని మీకు చెప్పాను కదా, అది సగమే. మన తోటలో నీడ తీసేసింది నేను. అంబలి కూడా అక్కడే తాగండి.”