ఇంటి బోరు నీళ్ళు

జలంధర్‌కు ఖతార్ నీళ్ళు పడలేదని క్యాంపులో అందరూ తేల్చేశారు. ప్రపంచకప్ కోసం కడుతున్న స్టేడియంలో అతనిది పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పని. కింద నుంచి ఫోర్‌మన్ "యల్లా, యల్లా!" అని తొందరపెడుతూ అరిచాడంటే చాలు, పైన అతని పేగులు మెలితిరిగేవి. నిచ్చెనలన్నీ దిగి మరుగుదొడ్డికి పరిగెత్తితే నెత్తురు వచ్చేది.

దోహాలో డాక్టరు పేగుపూత అన్నాడు. మాత్రలు మానొద్దన్నాడు, టెన్షన్ పడితే పూత మళ్ళీ రేగుతుందన్నాడు. జలంధర్ మాత్రలు మానలేదు గానీ రెండో మాట చెవికెక్కించుకోలేదు. టెన్షన్‌కు ఎక్కడైనా నెత్తురొస్తుందా? సెలవు నుంచి తిరిగొచ్చే ఊరివాళ్ళ చేత ఇంటి బోరు నీళ్ళు డబ్బాల్లో తెప్పించుకొని, తీర్థంలా గుక్కెడు గుక్కెడే తాగాడు.

తనూ సెలవు మీద ఊరికొచ్చాక నెత్తురు ఆగింది. కాస్త ఒళ్ళు కూడా చేశాడు.

"చూసినవా పుష్పా, అంత నీళ్ళల్లనే ఉన్నది," అన్నాడు భార్యతో.

ఒక పొద్దున బోరు దగ్గర చెంబెత్తి తాగుతుంటే ఫోన్ మోగింది. ఫోర్‌మన్. "ఛుట్టీ ఖతమ్! జల్దీ ఆజావ్, యల్లా!" సెలవైపోయింది, వెంటనే రమ్మని హుకుం.

చెంబు అక్కడే పడేసి జలంధర్ దొడ్లోకి పరిగెత్తాడు. తిరిగి వచ్చేసరికి అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు. పుష్పకు అర్థమైంది.

"ఈసారి పెద్ద డబ్బా నింపుత, తీస్కపో," అంది.

"తీస్కపోయి ఏం జేస్త?" అన్నాడు జలంధర్, పడి ఉన్న చెంబు వైపు చూస్తూ. "ఇప్పుడు తాగింది గూడ మన నీళ్ళేనాయె."