వీపు మీద అవ్వ చెయ్యి

నా చిన్నప్పుడు నాకు ఖో-ఖో నేర్పింది మా అవ్వ, మా నాయనను కన్నతల్లి. ఆమె జన్మలో ఆ ఆట ఆడి ఎరగదు. సోలాపూర్‌లో మా గల్లీ అంతా తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్లమే. మగవాళ్లు మగ్గాల మీద చద్దర్లు నేసేవాళ్లు, ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. మా తాత పోయేనాటికి నాయన పాలు తాగే పిల్లవాడట. ఆ చాట మీదే కొడుకును పెంచి, మగ్గం ఎక్కించింది అవ్వ. ప్రతి సోమవారం మార్కండేయ స్వామి గుడిలో భజనకు అందరికంటే ముందు వెళ్లి చాప పరిచేది. వాన పడినా, ఒళ్లు కాలుతున్నా ఆ పని ఇంకొకరికి వదలలేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా బడి ఖో-ఖో జట్టులోకి వచ్చాను. పరుగులో నన్ను అందుకునేవాళ్లు లేరు. నా చిక్కంతా కూర్చోవడంలోనే. ఆ ఆటలో తరిమే జట్టువాళ్లు ఎనిమిది మంది వరుసగా, ఒకరు ఇటు ఒకరు అటు ముఖం పెట్టి గొంతుక్కూర్చుంటారు. తొమ్మిదో మనిషి తరుముతూ వచ్చి, కూర్చున్న ఒకరి వీపు తట్టి ‘ఖో’ అంటేనే ఆమె లేవాలి. తట్టకముందే లేస్తే తప్పు. నేను ఎప్పుడూ ముందే లేచేదాన్ని.

ఎందుకో ఎవరికీ చెప్పుకోలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ పక్కన మఠం వేసుకుని బీడీలకు దారం కట్టడం నాకు అలవాటు. గంటల తరబడి కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కి, లేచేటప్పుడు గోడ పట్టుకోవలసి వచ్చేది. మైదానంలోనూ అదే భయం. పిలుపు వచ్చే వేళకు కాలు మొద్దుబారితే, అందరి ముందూ పడిపోతే? అందుకని వెనక అడుగుల చప్పుడు వినగానే లేచిపోయేదాన్ని. సెగ తగలకముందే ఎగిరిపడతానని జట్టు పిల్లలు నాకు ‘పేలాలు’ అని పేరు పెట్టారు.

చివరికి ఆటలు నేర్పే మా బాయి, అంటే టీచరమ్మ, తేల్చి చెప్పేసింది. శనివారం వేరే బడితో మ్యాచ్ ఉంది, అందులో ఒక్క తప్పు చేసినా ఇక జట్టులో చోటు లేదని. అమ్మకు ఆ మాట తెలిసి, అదీ మంచిదే, జట్టు నుంచి తీసేస్తే రోజూ బడి విడవగానే వచ్చి చాట ముందు కూర్చోమంది. నాకు ఏడుపొచ్చింది. బడి విడిచాక తంబాకు వాసన లేని గంట నాకు ఆ ఒక్కటే.

మరునాడు అవ్వ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోతూ, నెత్తిన మూటతోనే బడి గోడ దగ్గర నిలబడి మా ఆట అంతా చూసింది. సాయంత్రం ఇంట్లో ఒక తొట్టి బోర్లించి, దాని మీద నా చాట పెట్టి, మైదానంలో కూర్చున్నట్టే కూర్చుని చుట్టమంది. తాను నా వెనక కూర్చుంది. తాను వీపు తట్టి ఖో అన్నప్పుడు నేను లేచి గడప ముట్టుకుని రావాలి. అంతవరకూ కదలకూడదు, వెనక్కి చూడకూడదు.

మొదటి రోజు ఆమె గాజులు గలగలమంటే చాలు లేచాను. లేచిన ప్రతిసారీ మళ్లీ కూర్చోబెట్టింది. మగ్గం దిగి వచ్చిన నాయన గుమ్మంలో నిలబడి నవ్వాడు.

“ఏందమ్మా గిది, నువ్వు గూడ టీమ్‌ల చేరినవా?”

“కెప్టెన్ను నేనే. గీత మీద నిలవడ్డవ్, జర జరుగు.”

రెండో రోజు, బరువును ఒక కాలి వేళ్ల మీది నుంచి ఇంకో కాలి వేళ్ల మీదికి మార్చుతూ కూర్చోవడం నేర్పింది. భజనలో గంటలు కూర్చునే మనిషి కదా, ఆ కిటుకు ఆమెకు తెలుసు. కాళ్లు తిమ్మిరెక్కడం చాలావరకు తగ్గింది. భయం మాత్రం అలాగే ఉంది.

మూడో రోజు పిలుపు రానే లేదు. చాటలో బీడీ ఆకు అయిపోయింది. ఇంట్లో దీపం పెట్టే వేళ అయింది. వెనక అవ్వ ఉందో లేదో తెలియదు, చూడకూడదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ లేవలేదు. అప్పుడు ఆమే లేచి వచ్చి నా ముందు కూర్చుంది. మరిచిపోయావా అని అడిగాను.

“మర్వలే బిడ్డా. దేవుని ముంగట ఒత్తిని సూడు. నూనెల నాని తయారుగ ఉంటది. తనంతట తాను అంటుకోదు. అంటించే చెయ్యి వస్తదని దానికి ఎరుక. నీ ఎనుక ఉన్న పిల్లను నమ్ము.”

తర్వాతి కాలంలో ఆ గుడిలోనే ఎన్నో పురాణాలు విన్నాను, పెద్దపెద్ద పండితుల ప్రవచనాలు విన్నాను. శరణాగతి అంటే ఏమిటో ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు.

శనివారం పొద్దున నేను బయలుదేరుతుంటే అవ్వ చాట పక్కన పెట్టి వచ్చి నా వీపు మీద ఒక్కటి చరిచింది. తెల్లటి బడి చొక్కా మీద తంబాకు చెయ్యి ఐదు వేళ్లతో అచ్చుపడింది. అమ్మ గొణిగింది గానీ మార్చుకునే వ్యవధి లేదు. అలాగే ఆడాను.

చివరి వంతులో తరిమేది మేము. అవతలి జట్టులో పొడుగాటి పిల్ల ఒకతి మిగిలింది. మా మధ్య నుంచి పాములా మెలికలు తిరుగుతోంది. తరుముతున్న మా పిల్ల రెండుసార్లు నా వెనక నుంచే పోయి వేరేవాళ్లకు ఖో ఇచ్చింది. ఒకసారి ఆ పొడుగు పిల్ల సరిగ్గా నా ఎదుట, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఆగి రొప్పుతోంది. గట్టు మీద నుంచి మా గల్లీ ఆడవాళ్లంతా లే, లే అని అరిచారు. అందరికంటే గట్టిగా వినిపించింది మా అమ్మ గొంతు. వాళ్ల మధ్య అవ్వ, భజనలో కూర్చున్నట్టే కళ్లు మూసుకుని కూర్చుంది. నేను బరువు ఈ కాలి మీది నుంచి ఆ కాలి మీదికి మార్చుకున్నాను. లేవలేదు. ఆ పిల్ల వెళ్లిపోయింది.

కాసేపటికి మళ్లీ నా వైపుకే వచ్చింది. అప్పుడు పడింది వీపు మీద చెయ్యి. ‘ఖో’ అన్న మాట నా చెవికి చేరేలోగా కాళ్లు లేచాయి. నాలుగు అంగల్లో ఆ పిల్ల భుజం ముట్టుకున్నాను.

ఆ మ్యాచ్ మేము ఒక్క పాయింటుతో ఓడిపోయాం. నా తప్పు మాత్రం ఒక్కటీ లేదు. బాయి నా వీపు మీది మచ్చ చూసింది. ఎల్లుండి వేళకు రమ్మని మరాఠీలో ఒక్క మాట అని వెళ్లిపోయింది. అమ్మ ఆ సాయంత్రం గల్లీలో ఇంటింటికీ చెప్పుకుంది.

“నేనే లే అని మొత్తుకున్న, లేస్తెనా. అత్త లెక్కనే మొండిది.”

పెళ్లయిన చాన్నాళ్లకు, మిల్లు మూతపడి మా ఆయన ఏడాదికి పైగా ఇంట్లో కూర్చున్నప్పుడు నేను అవ్వ నేర్పినట్టే కూర్చున్నాను. చేతిలో పని ఆపలేదు, బెదిరి లేవలేదు, పిలిచే చెయ్యి ఒకటి వెనక ఉందన్న నమ్మకం వదలలేదు. అది వచ్చింది, దాని వేళకు అది; ఆయనకు మళ్లీ పని దొరికింది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. సోమవారం గుడిలో చాప పరిచే పని ఇప్పుడు నాది. పరిచాక నా చోటికి వెనక ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చుంటాను. భజన మొదలవుతుంది. వెనక్కి మాత్రం చూడను.